దాదాబీ మెయిన్ స్విచ్

దాదాబీ సోమవారం నాడే బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. మనవరాలి పరీక్ష శుక్రవారం. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. అయినా పోయేవాళ్ళ బ్యాగు చివరి నిమిషంలో సర్దితే ఏదో ఒకటి మర్చిపోతారని, ఆ తర్వాత మనుషుల్ని కూడా మర్చిపోతారని ఆమె భయం. శెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, రెండు దుప్పట్లు కుక్కింది.

"అవ్వా, ఇంకా పరీక్షే రాయలేదు! అప్పుడే దుప్పట్లా?" అంది తబస్సుమ్.

"బెంగళూరులో చలంట."

"ఈ కంప్యూటర్ ఇట్లే ఉంటే నేను రాప్తాడు బస్టాండు కూడా దాటను."

బెంగళూరు కంపెనీ పరీక్ష ఇంటి నుంచే రాయాలి. దానికి కంప్యూటర్‌లో వర్చువల్ మెషిన్ నడవాలి. స్టార్ట్ నొక్కిన ప్రతిసారీ 'వర్చువలైజేషన్ ఆపేసి ఉంది' అని ఎర్రటి ఎర్రర్ వస్తోంది.

హైవే పక్కన రిపేరు షాపు పెట్టుకున్న షఫీవుల్లాను పిలిపించారు. వస్తూనే అడిగాడు.

"ఏం కెలికినారు మేడం?"

"కెలికినానా? విండోస్‌లో ఉండే సెట్టింగులన్నీ చూసినా. విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్‌లో ఆన్ చేయల్లని నాకూ తెలుసు. దాంట్లోకి పోనీకి ఎఫ్2 నొక్కల్ల. ఆ మీట చచ్చింది. నువ్వు కీబోర్డు తెచ్చినావా, నోరు మాత్రమే తెచ్చినావా?"

షఫీ సంచిలోంచి కీబోర్డు తీశాడు. అతని చెవులు ఎర్రబడటం దాదాబీ చూసింది.

"ఏం జబ్బప్పా దీనికి?" అని అడిగింది.

"ఈ కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడపల్ల అవ్వా. అది నడవడం లేదు."

"అంటే కడుపుతో ఉండాదా?"

తబస్సుమ్ నవ్వు ఆపుకోలేక దుప్పట్ల మీద కూలబడింది. ఆ నవ్వు చూస్తూ షఫీ ఒకదానికి బదులు ఇంకోటి నొక్కి, మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. చివరికి ఎఫ్2 నొక్కి, బయోస్‌లోకి పోయి, ఆపేసి ఉన్నదాన్ని ఆన్ చేశాడు. తెర మీద ఇంకో తెర తెరుచుకుంది.

"కాన్పయింది" అని దాదాబీ టీ పెట్టడానికి లేచింది.

మంగళవారం తబస్సుమ్ అనంతపురం పోయి వచ్చేసరికి మళ్ళీ అదే ఎర్రర్. షఫీ మళ్ళీ వచ్చాడు, ఈసారి ఇస్త్రీ చొక్కాలో. బుధవారం ఆమె పాలకు పోయి వచ్చేసరికి మళ్ళీ ఎర్రర్. షఫీ అత్తరు పూసుకుని వచ్చాడు.

"ఏమప్పా, నీ రిపేరు ఒక పూటన్నా నిలబడదా?"

"మీ ఇంట్లో గాలి సోకిందేమో మేడం."

"కంప్యూటర్‌కా, నీకా?"

గురువారం కూడా అంతే. ప్రతిసారీ టీ తాగి, కీబోర్డు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

శుక్రవారం పొద్దున్నే పిలవకుండానే వచ్చాడు. అంతా సరిచేశాడు. పరీక్షకు ఇంకో గంట ఉంది. బయట అరుదుగా పడే వాన నాలుగు చినుకులు రాల్చి, తప్పు ఊరికి వచ్చినట్టు ఆగిపోయింది.

"పోయొస్తా అవ్వా" అని షఫీ గడప దాటాడు.

టప్‌మని ఇల్లంతా చీకటైంది. కంప్యూటర్ ఆరిపోయింది.

"యా అల్లా!" తబస్సుమ్ కేక పెట్టింది. తిరిగి చూస్తే దాదాబీ చెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది.

"నువ్వేనా అవ్వా? రోజూ నేను పోతూనే ఆర్పేస్తాండేది నువ్వా?"

"ఇంట్లోవాళ్ళు గడప దాటితే ఆర్పుతా. మీ నాయన డ్యూటీకి పోయినా ఆర్పుతా. లైటేసుకుని కాచుకుంటే రారు. ఆర్పేస్తే వస్తారు. నాకు తెలుసు."

ఎలా తెలుసని ఇంట్లో ఎవరూ గుచ్చి అడగరు. తబస్సుమ్ కూడా అడగలేదు. ఆమె బుర్ర వేరే చోట పరిగెత్తుతోంది. స్విచ్ వేసి కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద తేదీ చూసింది. ఆమె బడికి పోయే రోజుల నాటి తేదీ. కేక విని షఫీ వెనక్కి వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"లోపలుండే బిళ్ళ బ్యాటరీ చచ్చింది! అందుకే కరెంటు తీస్తే తేదీ, సెట్టింగూ రెండూ పోతాండాయి. మెకానిక్కువి, నీకు తెలీదా?"

షఫీ చొక్కా జేబులోంచి కొత్త బ్యాటరీ తీశాడు.

"ఎప్పట్నుంచి ఉండాది అది?"

"మంగళవారం నుంచి."

"మంగళవారం నుంచా! మరి యాల వేయలే?"

"వేస్తే ఇంక నన్ను ఎవరు పిలుస్తారు? పైగా పరీక్ష పాసైతే మీరు పోతారు." గొంతు సవరించుకున్నాడు. "ఈరోజు ఎట్లనో వేద్దామనే వచ్చినా. ధైర్యం చాలక పోతాండా. తప్పే మేడం. కానీ మీరు కూడా 'కీబోర్డు ఈడనే పెట్టిపో' అని ఒక్కరోజన్నా అన్నారా?"

ఈసారి చెవులు ఎర్రబడింది తబస్సుమ్‌కి.

"ముందు బ్యాటరీ వేయి" అంది నేల చూస్తూ. "పరీక్ష అయిపోయేదాకా ఈడనే కూర్చో. కీబోర్డు పెట్టిపో. నువ్వు మాత్రం పోవద్దు."

షఫీ గబగబా కంప్యూటర్ డబ్బా విప్పాడు. తబస్సుమ్‌కు అప్పుడు తట్టింది.

"అవ్వా, ఇంట్లోవాళ్ళు పోతేనే కదా ఆర్పేది? ఇతను మనకేమైతాడని ఆర్పినావు?"

దాదాబీ బ్యాగులో ఊరగాయ సీసా అటూ ఇటూ జరిపింది.

"మళ్ళీ రావల్లని ఆర్పినా" అంది. "మీ నాయనతో నేను మాట్లాడతాలే."

పరీక్ష జరిగింది. ఉద్యోగం వచ్చింది. బ్యాగు ఎలాగూ సర్దే ఉంది. రాప్తాడులో బెంగళూరు బస్సు ఆగితే షఫీ బ్యాగు పైన పెట్టి, కిటికీ పక్కన నిలబడి చెయ్యి ఊపాడు. దాదాబీ బస్సు కదలకముందే ఇంటికి పరిగెత్తి మెయిన్ ఆర్పింది.

రంజాన్‌కు తబస్సుమ్ వచ్చింది. ఆమెను చూడటానికి రెండుసార్లు బెంగళూరు పోయిన షఫీ, రెండుసార్లూ తిరిగి వచ్చాడు. బక్రీదు దాటాక నిఖా పెట్టుకున్నారు.

దాదాబీ భర్త ఇమాం హుస్సేన్ మాత్రం తిరిగి రాలేదు. శెనక్కాయ పంట ఎండిపోయిన ఎనభై ఆరులో, సంక్రాంతి దాటిన వారం, రాప్తాడులోనే బెంగళూరు బస్సు ఎక్కాడు. అప్పట్లో దాదాబీ లైటేసుకుని కాచుకుంది.