జర్మన్ వాళ్ళకి మూడు, ఇటాలియన్ వాళ్ళకి ఒకటి

"సొంత పార్లమెంటు ఉంటే స్కాట్లాండే గొప్పదైపోతుందా? పన్నుల సంగతి చూడు బాబూ! మన బోల్జానోలో కట్టినదాంట్లో చాలా వరకు ఇక్కడే ఉంటుంది!"

లైబ్రరీలో అందరూ తలలు తిప్పారు. ఒర్నెల్లా తన ఇటాలియన్‌లో అరుస్తోంది. పుస్తకం లాక్కున్న ఎల్మార్ తన జర్మన్‌లో జవాబిస్తున్నాడు. తొలి పరిచయమే పోట్లాట! ఇటలీలో ఉన్నా జర్మన్ వాళ్ళే ఎక్కువున్న సీమ మాది; మా ఊళ్ళో అంతే, ఎవరి భాషలో వాళ్ళు దెబ్బలాడుకుంటారు, ఇద్దరికీ చక్కగా అర్థమవుతుంది.

"మరి కాటలోనియా?"

"పాపం, వాళ్ళ పన్నులు మాడ్రిడ్‌కి వెళ్ళొస్తాయి. అదే స్పెయిన్‌లో బాస్కులైతే తామే వసూలు చేసుకుంటారు. ఇది కూడా తెలీదు, నీకూ నాలాగే ఈ పరీక్ష రాసి ప్రాంతీయ ప్రభుత్వంలో ఉద్యోగం కావాలా?"

"నువ్వు నేర్పితే తెలుస్తుంది," అన్నాడు సిగ్గులేకుండా.

నేర్పింది. వానల్లో ఒకే గొడుగు కింద పాఠాల్లో బెల్జియాన్ని ప్రాంతాలుగా ముక్కలు చేశారు, ఆపిల్ ముక్కలు చుట్టి కాల్చిన స్ట్రూడెల్‌ని పంచుకున్నారు. ఉద్యోగం వస్తే ఆమె ఇక్కడే ఉంటుంది, రాకపోతే టురిన్‌లో అక్క దగ్గరికి పోవాల్సిందే. రాకేం చేస్తుందిలే అనుకున్నారిద్దరూ.

ఫలితాలొచ్చాయి. మార్కులు ఆమెకే ఎక్కువ, ఉద్యోగం మాత్రం అతనికి! ఉన్న నాలుగు ఉద్యోగాలూ జనాభా లెక్కన పంచుతారు: మూడు జర్మన్ వాళ్ళకి, ఒకటి ఇటాలియన్ వాళ్ళకి. అతను జర్మన్లలో మూడోవాడు, ఆమె ఇటాలియన్లలో రెండోది.

నిజానికి ఒర్నెల్లా తల్లి జర్మనే. పద్దెనిమిదో ఏట ఏ గుంపని సర్కారు అడిగితే, ఇటాలియనైన నాన్నని ఎగతాళి చేసే అమ్మ తరఫు తాత మీద కోపంతో ఇటాలియన్ అనేసింది. ఆ మాట ఇప్పుడు మెడకి చుట్టుకుంది. మార్చుకుందామన్నా ఏళ్ళు పడుతుంది.

స్టేషన్లో టురిన్ రైలు వచ్చినా ఎల్మార్ ఆమె పెట్టె వదల్లేదు.

"నేను ఆ ఉద్యోగం వదిలేస్తాను."

"వదిలెయ్! నాలుగో జర్మన్ ఎగిరి గంతేస్తాడు. నాకేం ఒరుగుతుంది?"

త్యాగం చేద్దామన్నా చట్టం ఒప్పుకోని ఊరు మాది, ఛీ!

"పోనీ, నేనే టురిన్ వచ్చేస్తా."

"మీ ఆపిల్ తోటని భుజాన వేసుకొస్తావా?"

"ఎవడు పెట్టాడసలు ఈ లెక్క?"

"మనవాళ్ళు కొట్టుకు చావకుండా పెట్టారు. యూరప్ మొత్తంలో ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదని పరీక్షలో రాశావుగా? నేనే నేర్పాను." ఆమె పెట్టె లాక్కుంది.

రైలు ఎక్కింది. తలుపులు మూసుకోబోతుంటే ఎల్మార్ మొదటిసారి ఇటాలియన్‌లో, తప్పుల తడకగా అరిచాడు. "నువ్వంటే నాకు ప్రాణం, ఒర్నెల్లా!"

ఆమె ఏడుస్తూనే నవ్వింది. మొదటిసారి జర్మన్‌లో, వాళ్ళమ్మ భాషలో అంది: "ఇన్నాళ్ళూ ఏం చేశావురా మొద్దూ!"

తలుపులు మూసుకున్నాయి. రైలు దక్షిణం వైపు వెళ్ళిపోయింది.