దొర ఎక్కని సోఫా

"మా కుక్కని కాపాడండి సార్! సాయంత్రం బండొచ్చేస్తుంది," అంటూ గదిలోకి వచ్చీరాగానే ఆ అమ్మాయి ఏడుపు లంకించుకుంది.

డిటెక్టివ్ ముక్కు మాస్టారు హత్యలు చూశాడు, దొంగతనాలు చూశాడు, కుక్క కేసు మాత్రం ఇదే మొదలు. ఆయన ముక్కుకు అందని వాసన లేదని ఊరంతా చెప్పుకునేది. ఆ ధాటికి అసలు పేరు ఎప్పుడో మరుగున పడింది. ఇక ఆయన అసిస్టెంటమ్మాయి సంగతి చెప్పనక్కర్లేదు, మాస్టారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

"దొర ముసలిదైపోయింది సార్. పెళ్ళయ్యాక నాతోపాటే అత్తారింటికొచ్చింది. ఈమధ్య సోఫా మీదా, కార్పెట్ మీదా తడి, ఒకటే కంపు. మా అత్తయ్య తెల్లారకముందే లేచి కడుగుతున్నారు. కుక్కైనా ఉండాలి, నేనైనా ఉండాలి అనేశారు. మావారు ఊరవతల తోటవాళ్ళకి ఇచ్చేస్తున్నారు. అక్కడ గొలుసేసి కట్టేస్తే అది బతకదు సార్."

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు.

హాల్లో అడుగు పెట్టగానే ఘాటైన ఫ్లోర్ లిక్విడ్ వాసనకి అసిస్టెంటు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. చేతిలో గుడ్డతో ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూనే ఉంది. కొడుకు గడియారం కేసి, వీధి కేసి చూస్తున్నాడు. అందరూ కూర్చున్నారు, ఆవిడ తప్ప.

"ఎవరు కడుగుతారమ్మా ఇదంతా?" అన్నాడు మాస్టారు.

"ఇంకెవరు, నేనే. ఇంకొకళ్ళని చెయ్యి పెట్టనివ్వను."

"టీ తెమ్మంటారా అత్తయ్యా?" అంది కోడలు.

"నాకొద్దు. టీ మానేశానని ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరిందో లేదో ఆవిడకి దగ్గు తెర ముంచుకొచ్చింది. నోరు మూసుకుని గబగబా లోపలికి పోయింది. మాస్టారు అటు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

ఆయన మోకాళ్ళ మీద వంగి కార్పెట్ వాసన చూశాడు. సోఫా మీద అరచేత్తో తడిమాడు. కార్పెట్ నిండా కుక్క వెంట్రుకలే, సోఫా మీద ఒక్కటి లేదు. అసిస్టెంటు వరండాలోంచి బిస్కెట్ చూపించి దొరని పిలిచింది. పాపం, అది వెనక్కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కోడలు నడుం పట్టి ఎత్తితేగానీ దాటలేదు.

సాయంత్రానికి మాస్టారు అందరినీ హాల్లో పోగుచేశాడు. అత్తగారు ఇంకా నిలబడే ఉంది.

"దోషి దొరికాడు. ఇదిగో, ఈ సీసా," అంటూ ఫ్లోర్ లిక్విడ్ పైకెత్తాడు. "ఇందులో అమ్మోనియా ఉంది. దాని ఘాటు కుక్క ముక్కుకి ఉచ్చ వాసనలాగే తగులుతుంది. సోఫా కడిగినప్పుడు ఇది కార్పెట్ మీదికి కారింది. నా ఇంట్లోకి ఇంకో కుక్క ఎవడొచ్చాడ్రా అని దొర అక్కడ పోసింది. మీరు మళ్ళీ దీంతోనే కడిగారు, అది మళ్ళీ పోసింది. ఇకమీదట తడి కనబడితే పొడిగుడ్డతో అదమండి, రుద్దకండి. తర్వాత చల్లనీళ్ళు. కుక్కల సామాన్లమ్మే షాపులో ఎంజైమ్ లిక్విడ్ ఉంటుంది, అది పోసి దానంతటదే ఆరనివ్వండి. వాసన పోతే దొరా మానేస్తుంది."

"బాగానే ఉందండీ. మరి మొదట సోఫా మీద పోసిందెవరు?" అన్నాడు కొడుకు.

మాస్టారు సీసా కింద పెట్టాడు. "అది నా ముక్కుకి అందలేదు బాబూ."

అసిస్టెంటు నోరెళ్ళబెట్టింది. మాస్టారి నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"అందలేదా! అయితే అదీ ఈ కుక్క పనే," అన్నాడు కొడుకు. బయట హారన్ మోగింది. అతను గొలుసు అందుకున్నాడు. కోడలు దొరని రెండు చేతులా వాటేసుకుంది.

"ఆగరా," అంది అత్తగారు.

చేతిలో గుడ్డ నలిపేస్తోంది. "గుమ్మం దాటలేని కుక్క సోఫా ఎలా ఎక్కుతుందిరా? నేనే. దగ్గొస్తే ఆగట్లేదు. సిగ్గేసి చెప్పలేకపోయాను. నోరులేనిది కదా అని దాని మీదికి తోసేశాను."

కొడుకు గొలుసు పట్టుకున్న చెయ్యి దించేశాడు. ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"క్లాసులో పిల్లలు నిక్కరు తడుపుకుంటే ఒక్కడినీ నవ్వనిచ్చేదాన్ని కాదు. నా దాకా వచ్చేసరికి చూడు ఏం చేశానో!"

"నా దొరని పంపించేసేవారా అత్తయ్యా?" కోడలి గొంతులో కోపం దాగలేదు. ఆవిడ తలదించుకుంది. ఆ తల అలా దిగడం చూశాక కోడలికి కోపం నిలవలేదు. లేచి వెళ్ళి ఆవిడ చేతిలో గుడ్డ లాక్కుంది. "రేపు మనిద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం. మందులుంటాయి. సోఫా నేను కడుగుతాను."

కొడుకు గొలుసు మేకుకి తగిలించి, బండివాణ్ణి పంపించడానికి బయటికి నడిచాడు.

"మీకు ముందే తెలుసు కదా సార్?" అంది అసిస్టెంటు గుసగుసగా.

"ఊరుకోవోయ్, నాకు జలుబు," అన్నాడు మాస్టారు.

అత్తగారు మెల్లగా సోఫాలో కూర్చుంది. దొర కాళ్ళీడ్చుకుంటూ వచ్చి ఆవిడ పాదాల మీద తల వాల్చింది. ఆవిడ వంగి దాని చెవి నిమిరింది.

"అమ్మాయ్," అంది చివరికి, "నాక్కూడా కాస్త టీ పెట్టు."