పెడల్ గట్టిపడ్డాక

జేబుల నిండా పానాలు వేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ మెకానిక్‌ని అందరూ పానాల మామయ్య అనేవాళ్లు. ఆయన నడిచొస్తుంటే గిన్నెల గంప నడిచొస్తున్నట్టు ఉండేది. ఆయన భార్యకి జేబులూ లేవు, పానాలూ లేవు. అయినా కట్టుకున్న పాపానికి ఆవిడ పానాల అత్తయ్య అయిపోయింది.

ఇద్దరూ కలిసి నడిపేది ఒక రేకుల షెడ్డు. చిన్నాచితకా పనులు మామయ్య ఒక్కడే చూసుకుంటాడు గానీ, క్లచ్ ఆయిల్లో గాలి చేరితే దాన్ని తీయడం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. కింద పడుకుని గాలి వదిలే స్క్రూ తిప్పేవాడొకడు, సీట్లో కూర్చుని పెడల్ తొక్కేవాడొకడు ఉండాలి. పెళ్లయిన కొత్తలోనే మామయ్య ఆ రెండో ఉద్యోగం అత్తయ్యకి ఇచ్చేశాడు. "జీతం లేని ఉద్యోగానికి సెలవు కూడా ఉండదట" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే వాన. సాయంత్రానికి ఇద్దరి ఒళ్లూ హూనమైపోయాయి. షట్టరు దించేద్దాం అనుకుంటున్నప్పుడు కళ్లజోడాయన ఒకడు తన పాత కారుని ముగ్గురి చేత తోయించుకుంటూ వచ్చాడు. క్లచ్ తొక్కితే పెడల్ చచ్చిన పాములా నేలకి అంటుకుపోతోంది. తెల్లారేసరికి బండి కావాలన్నాడు. పోతూ పోతూ, ఇదివరకు ఇద్దరు మెకానిక్కులు దీన్ని సగంలో వదిలేశారని, మళ్లీ ముట్టుకునేది లేదన్నారని చెప్పాడు.

"చేతకాక వదిలేసుంటారు" అన్నాడు మామయ్య.

తోసుకొచ్చిన వాళ్లే కారు ముందు చక్రాల్ని ఇనప ర్యాంపుల మీదికి ఎక్కించి వెళ్లారు. బండి మూతి పైకి, తోక కిందికి ఉంది. హ్యాండ్ బ్రేక్ తీగ ఎప్పుడో తెగిపోయింది. చక్రాలకి అడ్డం పెట్టే చెక్కలు బయట ఇంకో బండి కింద ఉన్నాయి. వానలో వెళ్లి వాటిని లాగే ఓపిక లేక మామయ్య బండిని మొదటి గేరులో వేసి ఊరుకున్నాడు. క్లచ్ చచ్చి ఉన్నంతసేపూ పెడల్ ఎంత తొక్కినా గేరు వదలదు. గేరు వదలనంతసేపూ వెనక చక్రాలు కదలవు. రోజూ చేసే పనిలో బద్ధకం కూడా ఒక పద్ధతి అయిపోతుంది.

క్లచ్ సిలిండర్లో అరిగిపోయిన రబ్బరు మార్చాడు. ఆయిలు పోశాడు. కారు కిందికి దూరబోతూ ఒకే ఒక మాట చెప్పాడు.

"పెడల్ గట్టిపడగానే చెప్పు. ఆపైన తొక్కకు. క్లచ్ బతికాక తొక్కావంటే గేరు వదిలేస్తుంది, బండి నా మీదికి వస్తుంది. నేను బయటికొచ్చి వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాకే మిగతాది."

"ఈ మాట ఇన్నేళ్లుగా వింటున్నా లెండి" అంది అత్తయ్య.

పని మొదలైంది.

"తొక్కు."

"ఊఁ."

"వదులు."

రేకుల మీద వాన. తడి రబ్బరు వాసన, మాడిన క్లచ్ ప్లేటు వాసన, వాటి అడుగున ఇంకేదో పాతబడిన వాసన. తొక్కు, వదులు. తొక్కు, వదులు. అత్తయ్య మోకాలు సలుపుతోంది. మనసులో కళ్లజోడాయన్నీ, మొగుణ్నీ, వానదేవుణ్నీ వరసగా తిట్టుకుంది. చాలాసేపటికి పెడల్ కాలికి ఎదురు తిరిగింది.

"గట్టిపడిందండీ."

"సరే, ఆగు" అని వినిపించింది. ఆవిడ కాలు తీసేసి, సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఎంతసేపో తెలీదు. నిద్ర కాదు గానీ, నిద్రకి గుమ్మంలో ఉంది.

"తొక్కు."

గొంతు కింద నుంచే వచ్చింది. అలవాటైన కాలు దానంతటదే పెడల్ మీదికి వెళ్లింది. కాస్త తొక్కిందో లేదో, బండి ఒళ్లు విరుచుకున్నట్టు వెనక్కి కదిలింది. అత్తయ్య ఉలిక్కిపడి కాలు తీసేసింది. బండి ఆగింది.

"ఇటుకలు పెట్టారా?"

ఆవిడ తలుపు మీద తట్టింది.

"ఏమండీ... పెట్టారా?"

"తొక్కు."

మామయ్య గొంతే. అంతే విసుగు, అంతే అలసట. కానీ ఏ ప్రశ్నకీ జవాబు చెప్పడం లేదు...

"ఎవరితోనే మాటలు?"

అత్తయ్య తల తిప్పింది. షెడ్డు గుమ్మంలో పానాల మామయ్య నిలబడి ఉన్నాడు. నిలువునా తడిసిపోయాడు. రెండు చేతుల్లోనూ ఇటుకలు.

ఆవిడ ఒకసారి కిందికి, ఒకసారి ఆయన వైపు చూసింది. "మీరు... బయటికెప్పుడు వెళ్లారు?"

"నువ్వు గట్టిపడిందన్నావు కదా. వెంటనే వెళ్లాను. గోడవతల గుట్టలోంచి ఏరుకురావాలి కదా."

ఆవిడ జరిగింది చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. మామయ్య టార్చి వేసి కారు కింద చూశాడు. ఆయిలు మరక తప్ప ఏమీ లేదు.

"నిద్రమత్తే నీకు. పొద్దున్నుంచీ పని" అన్నాడు. ఇటుకలు వెనక చక్రాల కింద గట్టిగా దిగగొట్టాడు. "స్క్రూ బిగించాలి. లేకపోతే పోసిన ఆయిలంతా కారిపోతుంది. ఒక్క క్షణం పని."

"వద్దండీ. వాడి బండి వాడి మొహాన కొడదాం. పోదాం రండి."

"ఆ ఇద్దరిలా నేనూ సగంలో వదిలేయనా?" అన్నాడు మామయ్య. మగాడి పౌరుషం ఎంత అలిసినా పడుకోదు. ఆయన కాళ్లు కూడా కనపడకుండా కారు కిందికి వెళ్లిపోయాడు.

అత్తయ్యకి ఏడుపొచ్చింది. ఆయనకేమైనా అయితే తనకి ఇంకెవరూ లేరు. తన కాలిని తనే నమ్మలేక, రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. ఇక ఎవరు తొక్కమన్నా తొక్కేది లేదు.

"తొక్కు."

ఆవిడ కదలలేదు.

"తొక్కు..."

పెడల్ కదిలింది.

ఎవరూ తొక్కడం లేదు. ఎవరి పాదమూ దాని మీద లేదు. అయినా అది మెల్లగా... చాలా మెల్లగా... నేల దాకా దిగింది. బండి వెనక్కి జారింది. ఇటుకలు కిర్రుమన్నాయి. ఒకటి పెళ్లున పగిలింది.

అత్తయ్య కాలు దించి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది. "బయటికి రండి! బయటికి రండి!"

మామయ్య పక్కనుంచి పాక్కుంటూ వచ్చాడు. కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. ముందు ఆవిడ మొహం చూశాడు, తర్వాత లోపలికి చూశాడు. క్లచ్ పెడల్ ఇంకా నేలకి అణిగే ఉంది. దాని మీద ఎవరూ లేరు.

"బ్రేకు వదలకు" అన్నాడు గుసగుసగా. "ర్యాంపు మీంచి జారిందంటే గోడకి కొట్టుకుంటుంది, నువ్వు లోపలే ఉన్నావు. ఇంకో ఇటుక తెస్తాను..."

"నన్నొదిలి వెళ్లకండి."

వాన కాస్త తగ్గింది. అప్పుడు కారు కింద నుంచి పిలుపు వినిపించింది.

"ఏమండీ..."

ఈసారి మామయ్య గొంతు కాదు. అది అత్తయ్య గొంతు.

"కాలు లాగేస్తోందండీ. ఒక్కసారి ఇలా కిందికి రండి."

మామయ్య అత్తయ్య పెదాల వైపు చూశాడు. అవి గట్టిగా బిగిసి ఉన్నాయి. అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కళ్లలో ఏదో మసకబారింది. ఇన్నేళ్లలో ఆ గొంతు పిలిస్తే ఆయన వెళ్లని రోజు లేదు. ఆయన మోకాళ్లు మెల్లగా వంగడం మొదలయ్యాయి.

అత్తయ్య కిటికీలోంచి చెయ్యి చాపి, ఆయన చొక్కా కాలరు గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"వెళ్లకండి. అది నేను కాదు. నేనిక్కడున్నాను."

"ఏమండీ... త్వరగా రండి."

ఆవిడ గుప్పిట్లోని కాలరు ఇంకా కిందికి లాగుతూనే ఉంది. బ్రేకు మీద అత్తయ్య కాలు వణకడం మొదలైంది.