ప్లగ్గు మీద పసుపు

"నేను బిడ్డను సంపినానంట సామీ!"

రేణిగుంట రోడ్డులో టైర్ల కొట్టు మీది గది అది. ప్రైవేటు డిటెక్టివ్ యోగానంద ఎదుట కూర్చుని ఉంది మునిరత్నమ్మ. తిరుపతిలో ఒకే వీధిలో నాలుగిళ్లలో వంట చేసి బతికే మనిషి. నెల క్రితం ఆ వీధిలోని భారతమ్మగారి కోడలు మహితకు జ్వరం వచ్చి, ఏడో నెల బిడ్డ కడుపులోనే పోయింది. తిండిలోంచి వచ్చిన క్రిమి వల్లనని రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది. ఇంకేం, వంటమనిషి దొరికింది కదా! "దాని చేతి మురికే" అన్నాడు మహిత భర్త సుకుమార్. సాయంత్రానికల్లా మిగిలిన మూడిళ్లవాళ్లూ రావద్దన్నారు.

"ఆ ఇంట్లో రోజూ వంట నీదేనా?" అడిగాడు యోగానంద.

"శుక్రారం తప్ప. ఆ పొద్దు ఆ ఇంటి పెద్దమ్మే ఇల్లు కడుక్కోని, మడిగా వండుకుంటాది. నన్ను రావద్దంటాది."

"నువ్వు వండింది ఎవరెవరు తినేవారు?"

"అందరూ తినేది. నేనూ ఆడనే తినేది."

యోగానంద తన సహాయకురాలు స్రవంతి వైపు చూశాడు. ఆయన అలా చూశాడంటే ఒక ముడి వదులైనట్టేనని ఆమెకు ఆరేళ్ల నమ్మకం.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే ఇద్దరూ భారతమ్మగారింటికి వెళ్లారు. వాకిట్లో సుకుమార్ అడ్డుపడ్డాడు గానీ, మహితే లోపలికి రమ్మంది. తన బిడ్డ ఎందుకు పోయిందో తెలియక ఆమెకు కంటిమీద కునుకు లేదు.

గడప పచ్చగా మెరుస్తోంది. నేల కడిగి చాలాసేపయినా ఫ్రిజ్జు కింద ఇంకా తడి ఉంది. తెల్లటి ఫ్రిజ్జు ప్లగ్గు మీద పసుపు వేళ్ల గుర్తులు, పాతవాటి మీద కొత్తవి. యోగానంద పైన ఉన్న ఫ్రీజర్ తెరిచి, రబ్బరు బ్యాండు చుట్టిన స్వీట్‌కార్న్ ప్యాకెట్ తీశాడు. సగం మిగిలిన గింజలు రాయిలా ఒకటే ముద్దయి ఉన్నాయి.

"ఇవి ఎవరు తినేవారు?"

"నేనొక్కదాన్నే సార్," అంది మహిత. "కడుపుతో ఉన్నప్పుడు పుల్లగా తినాలనిపించేది. సాయంత్రం ఈయనే గిన్నెలో తీసిపెట్టి, మంచు కరిగినాక నిమ్మకాయ పిండి ఇస్తా ఉండిరి. ఆ ప్యాకెట్టే ఇది."

"ఉడకబెట్టకుండానా?"

"ఉడికిస్తే సత్తువ పోతాదని..." సుకుమార్ నసిగాడు. "మునిరత్నమ్మ ఉడకేసి పెడతానన్నా నేనే వద్దన్నాను."

యోగానంద ఆ ప్యాకెట్‌ను మంచుపెట్టెలో పెట్టి పరీక్షకు పంపాడు. పది రోజులకు కాగితం చేతికొచ్చింది. ఆ సాయంత్రం అందరినీ భారతమ్మగారి హాల్లో కూర్చోబెట్టాడు. మునిరత్నమ్మ మాత్రం గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"మహితగారి రక్తంలో దొరికిన క్రిమే ఈ గింజల్లోనూ ఉంది," అన్నాడు యోగానంద. "మునిరత్నమ్మ వంట అందరూ తిన్నారు, అందరూ బాగున్నారు. ఈ గింజలు తిన్న ఒక్కరే జబ్బుపడ్డారు. గడ్డకట్టినంత మాత్రాన క్రిమి చావదు. కరిగితే మళ్లీ పెరుగుతుంది. బాగా ఉడికిస్తేనే చస్తుంది. వండి తినమని కవరు మీదే రాసి ఉంది సుకుమార్‌గారూ. ఆ అక్షరాల మీదే మీరు రబ్బరు బ్యాండు చుట్టారు."

సుకుమార్ తల దించుకున్నాడు.

"ఇంకొకటి. గింజలు విడివిడిగా ఉండాలి. ముద్దయ్యాయంటే కరిగి మళ్లీ గడ్డకట్టాయన్నమాట. అది ఒక్కసారి జరిగింది కాదు. ప్లగ్గు మీది పసుపు వారం వారం పేరుకున్నది. శుక్రవారం వంటమనిషి రాదు. గడపకు పసుపు రాసిన చేతులే ఆ ప్లగ్గు పీకాయి."

అందరూ భారతమ్మ వైపు తిరిగారు.

"నేనే," అందామె. "ఇల్లు కడిగేటప్పుడు పీకి, పూజంతా అయినాక పెడతా ఉంటి. మద్దేనం దాటేది. ముందు పీకేదాన్ని కాదు నాయనా. కోడలు నీళ్లోసుకున్న్యాకనే మొదులు పెట్టినా. తడినేల మీద ఒట్టికాళ్లతో తిరుగుతాదే, కరెంటు కొడితే కడుపులో బిడ్డకేమవుతాదో అని..."

ఈ నెలంతా భారతమ్మ ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చిన మహిత, మెల్లగా లేచి దూరంగా వెళ్లి నిలబడింది.

"ఇంక పీకాల్సిన పని లేదులే అత్తా," అంది. "ఎవరికోసం?"

భారతమ్మ గోడకు తల కొట్టుకుంటుంటే సుకుమార్ పరుగున వెళ్లి పట్టుకున్నాడు. యోగానందకు చేతులు జోడించాడు.

"సార్, ఈ మాట ఈడనే ఉండనీండి. వీధిలో తెలిస్తే మా అమ్మ బతకదు."

"నేను వచ్చింది ఈవిడ కోసం," అన్నాడు యోగానంద, గడప వైపు చూపిస్తూ. "ఆమెనే అడగండి."

వీధి వీధంతా వినేలా తన పేరు కడుగుతారనే ఆశతో వచ్చింది మునిరత్నమ్మ. గడప బయటి నుంచే భారతమ్మ వైపు చూసింది.

"పెద్దమ్మ సచ్చిపోతాది సామీ," అంది. "ఇంగ ఒదిలేయండి."

తప్పయిందని ఆమెతో ఒక్కరూ అనలేదు. యోగానంద ఈ కేసు తేల్చకుండా ఉంటేనే బాగుండేదని స్రవంతికి మొదటిసారి అనిపించింది.

సోమవారం మునిరత్నమ్మ ఇంటికి తాళం వేసి నాయుడుపేట బస్సెక్కింది. అక్కడొక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని దొరికింది. వంట వచ్చా అని అడిగితే, రాదని చెప్పి గిన్నెలు కడగడానికి కుదిరింది.