అరవై అంగల దూరం

గురువులు పొద్దున్నే నేలకన్ను పెట్టుకుని పెరట్లో చేమమడి వైపు చూశాడు. మట్టి గాజులా పలచబడింది. అడుగున దుంపలు ఇంకా కోడిగుడ్డంతే ఉన్నాయి. పది రోజులు ఆగాలి అనుకున్నాడు. తాత సన్యాసి కాలంలో అయితే ఒక మొక్క పీకి చూసి, పచ్చిదని తేలాక నాలుక కరుచుకునేవారు. ఇప్పుడు ఎర్రమట్టిపాలెంలో గుడ్డిగా గునపం దింపేవాళ్లు లేరు. నీళ్ల గొట్టం ఎక్కడ పగిలిందో, పిల్ల పోగొట్టుకున్న ముక్కుపుడక ఏ మూల కూరుకుపోయిందో కళ్లజోడంత ఆ పరికరమే చెప్పేస్తుంది. ఇల్లు కొనేవాళ్లు గోడలకంటే ముందు పునాదిని చూస్తున్నారు.

మట్టికి దాపరికం లేకుండా పోయింది. అందుకే మూడు రోజులుగా గురువులుకి అన్నం సయించడం లేదు.

అతను శ్మశానం కాపరి. విశాఖ శివారులో, ఒకప్పుడు జీడితోట పక్కన, రాళ్ల క్వారీలో పోయిన కూలీల కోసం వదిలిన ఎర్రమట్టి నేల చెక్క అది. తర్వాత ఊరు పెరిగి దాన్ని చుట్టుముట్టింది. పడమటి వాలులో జంగాల సమాధులు, నడుమ క్రైస్తవులవి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఎవరూ లేనివాళ్లవి. చుట్టూ ఇరవై అంతస్తుల మేడలు లేచాయి. వాటి మధ్య పచ్చదనం ఇక్కడే మిగిలింది కనుక జనం పొద్దున్నే నడకకి కూడా ఇక్కడికే వస్తారు. చచ్చినవాళ్ల మధ్య ఒళ్లు తగ్గించుకుంటారు పాపం.

ప్రభుత్వం సమాధుల సర్వే మొదలుపెట్టింది. సర్వే అధికారిణి మెహర్ నేలకన్నుకి వంశముద్ర అనే కొత్త సదుపాయం జోడించి తెచ్చింది. అది ఎముకని చూసి మనిషి ఎవరో, అయినవాళ్లు ఎవరో చెబుతుంది. అయినవాళ్లు లేరని తేలితే ఎముకల్ని ఉమ్మడి గుంతకి మార్చి, ఆ చోటు కొత్తవాళ్లకి ఇస్తారు.

మూడు రోజుల కిందట మెహర్ ఒక సమాధి దగ్గర ఆగిపోయింది. రాయి మీద ఆనందరావు అని ఉంది. కింద ఉన్నది ఒక స్త్రీ. ఆనందరావు పక్కనే గడ్డి మొలిచిన చదును నేలలో ఉన్నాడు.

ఎందుకలా జరిగిందో గురువులుకి వెంటనే అర్థమైంది. ఆనందరావు పోయిన రెండు నెలలకే పెద్ద తుపాను వచ్చింది. మట్టి కుంగేదాకా సిమెంటు కట్టకూడదు కనుక అప్పటికి కర్ర సిలువే ఉండేది. అది ఎగిరిపోయింది, మట్టిదిబ్బ కరిగిపోయింది. తాత లెక్క ఒక్కటే: నేరేడు చెట్టు నుంచి అరవై అంగలు. ఆ తుపానులోనే కొమ్మ విరిగి మోకాలి మీద పడి, తాత కుంటుతూ వెళ్లి కొలిచాడు. అంగ కురచైంది. అరవయ్యో అంగ అసలు చోటుకి ఒక సమాధి ఇవతలే ఆగింది.

ఆనందరావు భార్య సువార్తమ్మకి ఇప్పుడు డెబ్బై. ఆయన పోయేనాటికి ఆమె కడుపుతో ఉంది. నలభై ఏళ్లుగా సమాధుల పండగ ముందు రోజు సున్నం బకెట్టుతో వచ్చి, ఆ సమాధికి తానే స్వయంగా సున్నం వేస్తూ ఏడాది సంగతులన్నీ చెప్పుకుంటుంది. ఆమెకి ఈ మాట ఎలా చెప్పాలి? చెప్పకపోతే రేపు అధికారులే చెబుతారు. ఆ ముసలి ప్రాణం తట్టుకుంటుందా?

మధ్యాహ్నం ఆమె రానే వచ్చింది. ఎప్పటిలాగే చెప్పులు, టిఫిను డబ్బా పక్కన గడ్డిలో పెట్టి కుంచె తీసింది.

"అత్తా, ఒక మాట సెప్తాను. కోప్పడకు," అన్నాడు గురువులు. "నువ్వు సున్నం ఏస్తన్నది మావకి కాదు. మావ ఇక్కడున్నాడు."

అతని వేలు ఆమె చెప్పుల వైపు చూపించింది.

అతను మొత్తం చెప్పేదాకా ఆమె కుంచె దించలేదు. సున్నం చీరమీద కారింది.

"తప్పు మా తాతది," అన్నాడు చివరికి.

"కుంటుకాలుతో కూడా నాకోసమే కదరా కొలిసేడు." ఆమె వంగి చెప్పులు తీసింది. "నలబయ్యేళ్లు నా పెనిమిటి మీద సెప్పులు ఇడిసేను."

గురువులు ఆ చెప్పులు అందుకుని దారి పక్కన పెట్టాడు.

ఆమె తెల్లటి సమాధి వైపు తిరిగింది. "అయితే ఈయనెవరు?"

"ఈయన కాదు, ఈవిడ. రైలు దిగి స్టేషన్లోనే పోనాదంట. ఎవరూ రానేదు."

"ఓలమ్మ. ఆయన మీద సాడీలన్నీ ఈ యమ్మకి సెప్పుకున్నానేటి?"

అప్పుడే మెహర్ వచ్చి, నెమ్మదిగా విషయం చెప్పింది. "ఈమెకు అయినవాళ్లు లేరమ్మా. పండగ దాటాక ఎముకల్ని మార్చాలి."

"లేరని ఎవరు సెప్పేరు?"

"వంశముద్ర. రక్తసంబంధం చూసి చెబుతుంది."

"మరి నాకూ మా ఆయనకీ ఏ రక్తసంబంధం ఉందని నన్ను రాసేవు?"

మెహర్ తడబడింది. "వివాహానికి వేరే గడి ఉందమ్మా."

"అయితే ఆ గడిలోనే రాయి. మా ఆయన పేరు మీద నలబయ్యేళ్లు పూలు పెట్టించుకున్నాది. నాకు సవతి అని రాయి."

మెహర్ నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. తర్వాత నేలకన్ను తీసి చేత్తో పట్టుకుని, ఉత్త కళ్లతో ఆ సమాధిని చూసింది. నలభై పూతల సున్నం అంచుల దగ్గర వేలిమందాన పేరుకుని ఉంది. ఆమె ఉద్యోగంలో చేరాక మొదటిసారి చేత్తో రాసింది: బంధువు ఉన్నారు.

సాయంత్రానికి తెల్లటి సమాధికి పూత పూర్తయింది. పక్కన గురువులు గడ్డి చెక్కి, మట్టి పోగుచేసి చిన్న దిబ్బ కట్టాడు. ఆమె దాని చుట్టూ సున్నం గీత గీసి, బంతిపూలు రెండు సమాధులకీ సమంగా పంచింది. మేడల మీద దీపాలు వెలిగాయి.

"గురువులూ, ఆ కుర్చీ ఇలాగ తే."

"సీకటి పడతన్నాది. ఇంటికెల్లవేటత్తా?"

"ఎలాగెల్తాన్రా," అంది సువార్తమ్మ, కొత్త దిబ్బ పక్కన కొంగు సర్దుకుంటూ. "ఆడపిల్ల పుట్టినాదని కూడా ఈయనకింకా తెల్దు."