వాగు ఇవతలికి వచ్చిన రాత్రి

చీకటి!

కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది.

ఒక అడుగు పైకి వేస్తే అర అడుగు కిందికి లాగేస్తోంది దిబ్బ.

ముందు ఎర్ర టోపీ పరిగెడుతోంది. టోపీ కింద ఒక మనిషి.

వెనక గైడు. చేతిలో ఫ్లేర్ గన్!

సముద్రంలో చిక్కుకున్నవాళ్ళు సాయం కోసం పేల్చే పిస్తోలు అది. ఎర్రటి నిప్పు కక్కుతుంది. ఆకాశానికి గురిపెడితే ప్రాణం పోస్తుంది. మనిషికి గురిపెడితే తీస్తుంది.

గైడు ఇప్పుడు ఆకాశం వైపు చూడటం లేదు.

"ఆగరా!"

ఎర్ర టోపీ ఆగలేదు.

"ఇది దీవిరా, వెధవా! ఎటు పరిగెత్తినా సముద్రమే! నాకు తెలీని దారి ఇక్కడ ఒక్కటీ లేదు!"

నిజమే. పదిహేనేళ్ళుగా ఈ ఇసుక దీవిని జనానికి చూపించి పొట్ట పోసుకుంటున్నాడు. పొద్దున పడవలో వచ్చినవాళ్ళని పెద్ద చక్రాల బస్సెక్కించి, సాయంత్రానికి మళ్ళీ పడవ దాకా దింపాలి. మధ్యలో నవ్వించాలి.

ఐదేళ్ళుగా ఆ నవ్వులన్నీ ఎర.

ఈ రోజు చేప పడింది!

* * *

పొద్దున ఎంత మామూలుగా మొదలైందో!

బస్సు సముద్రపు ఒడ్డునే రోడ్డు చేసుకుని దూసుకుపోయింది. స్టీరింగ్ దగ్గర బావమరిది. ఇసుక కొట్టకుండా కళ్ళకి నల్లద్దాలు, మొహానికి గుడ్డ. పక్కన మైకు పట్టుకుని గైడు.

"అమ్మలారా, అయ్యలారా! ఇసుకలో బండి దిగబడకుండా ఇందాక టైర్లకి గాలి తీశాడు, మా బామ్మర్ది. ఇంట్లో నాకు గాలి తీసేది వీళ్ళక్క. కుటుంబ వృత్తి!"

బస్సంతా గొల్లుమంది.

జోకు తర్వాత గైడు ఒక్క క్షణం ఆగుతాడు. తాము నవ్వడానికే ఆగాడనుకుంటారు టూరిస్టులు.

ఆ ఖాళీ వాళ్ళది కాదు.

ముందు సీట్లో కాళ్ళు ఊపుకుంటూ, విన్న జోకుకే మళ్ళీ మళ్ళీ పడీ పడీ నవ్వే ఒక పదేళ్ళ పిల్లది. గైడు ఇంట్లో అందరూ పిచ్చుక అనేవాళ్ళు.

పిచ్చుక లేదు. ఖాళీ ఉంది.

మంచినీళ్ళ చెరువు చూపించాడు. దిబ్బ మీంచి పిల్లల్ని చెక్కల మీద జారించాడు. ఒక పెద్దావిడ చెప్పులు ఇసుకలో పోతే వెతికిపెట్టాడు.

చివరి మజిలీ, తుప్పు పట్టిన ఓడ. ఎప్పుడో ఒడ్డుకి కొట్టుకొచ్చి, సగం ఇసుకలో కూరుకుపోయింది.

"తుఫానుతో పందెం వేసిందండీ ఇది. పేరుకి తగ్గట్టే ఓడింది!"

నవ్వులు.

"ఆ పక్కన పారేది వాగు. నేనూ వాగుతాను, అదీ పారుతుంది. ఇద్దరికీ ఆనకట్ట లేదు!"

నవ్వులు.

అప్పుడు ఎర వేశాడు. రోజూ వేసేదే.

"పుట్టిన దగ్గర్నుంచీ ఈ వాగు ఓడకి అవతలే పారుతోంది. ఇవతలికి ఒక్కసారి కూడా రాలేదు!"

అబద్ధం.

ఒక్కసారి వచ్చింది. ఒక్క రాత్రి.

తుఫానని టూరిస్టులందర్నీ ఊరి ఒడ్డుకి పంపేసి దీవి మూసేసిన రాత్రి. సిబ్బంది ఇళ్ళల్లోవాళ్ళు తప్ప పురుగు కూడా లేని రాత్రి. వాగు పొంగి, ఓడకి ఇవతల ఇసుకని కోసుకుని సముద్రంలో పడింది. మర్నాడు పోటుకి ఆ కోత పూడిపోయింది. వాగు తన దారిన తను అవతలికి వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున, ఆ కోత పక్కనే, గైడుకి పిచ్చుక దొరికింది.

ఒంటి మీద బండి గుద్దిన దెబ్బ!

చక్రాల జాడల్ని సముద్రం తుడిచేసింది. పోలీసులు గుర్తు తెలియని వాహనం అని రాసుకుని వెళ్ళిపోయారు. తుఫాను రాత్రి, అమ్మ పక్కలోంచి లేచి, ఆ పిల్ల బయటికి ఎందుకు వెళ్ళింది? ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

సముద్రానికి రోజుకి రెండు పోట్లు. ఇతని గుండెకి ఐదేళ్ళుగా ఒకటే పోటు.

వాగు ఇవతల పారడం చూసినవాడెవడో, వాడు ఆ రాత్రి ఈ ఒడ్డునున్నాడు. ఆ సంగతి గైడు ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి కూడా. రోజూ అబద్ధం చెప్పి, ఎవడు కాదంటాడా అని ఎదురుచూశాడు.

ఈ రోజు, అందరూ టీ కోసం బస్సు వైపు నడుస్తుంటే, ఎర్ర టోపీ వెనకపడ్డాడు. మెడలో కెమెరా. నెమ్మదిగా అన్నాడు...

"వాగు ఇవతలికి రాలేదన్నారు. కానీ నేను చూశానండీ. ఇదిగో, ఇక్కడే పారింది."

గైడు ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"ఎప్పుడు?"

ఎర్ర టోపీ నోరు తెరిచాడు.

బస్సు దగ్గర డ్రైవరు టీ తాగడానికి నల్లద్దాలు తీశాడు. మొహం మీద గుడ్డ కిందికి లాగాడు.

ఎర్ర టోపీ మొహంలో నెత్తురు చుక్క లేదు!

తిరిగాడు. దిబ్బల్లోకి పరుగు!

గైడు బస్సులోకి దూకి ఫ్లేర్ గన్ లాగాడు. బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఏంటిది? ఎక్కడికి?"

"దొరికాడురా! మన పిచ్చుకని చంపినవాడు!"

బావమరిది చేతిలో టీ ఒలికింది.

"వద్దు బావా... చీకటి పడుతోంది, పోటు టైమ్... వదిలెయ్ బావా. నీకు దండం పెడతాను, వదిలెయ్!"

పిరికివాడు, అనుకున్నాడు గైడు.

విదిలించుకుని పరిగెత్తాడు.

* * *

దిబ్బ అంచు!

ఎర్ర టోపీ కాలు జారింది.

దొర్లాడు... దొర్లాడు... ఇసుక గుంతలో వెల్లకిలా పడ్డాడు. టోపీ ఎటో ఎగిరిపోయింది.

గైడు పైనించి దూకాడు. గుండెల మీద మోకాలు. నుదుటి మీద గొట్టం!

"చెప్పు! ఆ రాత్రి ఇక్కడేం చేస్తున్నావ్?"

"చెప్తాను... ఊపిరి..."

"నా కూతురికీ ఊపిరి ఉండేదిరా!"

ఎర్ర టోపీ కళ్ళు పెద్దవయ్యాయి.

"మీ... మీ పాపా?" ఏడుపొచ్చేసింది. "అయ్యో... పాప తండ్రి మీరా..."

"ఏడవకు! ఏడ్చే వంతు నాది! ఎందుకు గుద్దావ్?"

"నేను నడపలేదండీ!"

"మరి?"

"తుఫాను ఫోటోలు కావాలని ఒక డ్రైవర్ని బతిమాలాను. చివరి పడవలో, తన బండిలో దాచి తీసుకొచ్చాడు. ఎవరూ చూడకూడదని లైట్లు ఆర్పేసి నడిపాడు. ఓడ దగ్గర వాగు ఇవతలికి కోసేసింది, బండి దాటదు. వెనక్కి తిప్పాడు. అప్పుడు... ఏదో తగిలింది. ఆపమన్నాను. ఒక్కడే దిగి చూసొచ్చాడు. కొట్టుకొచ్చిన దుంగ అన్నాడు."

"దుంగ..."

"దుంగే అన్నాడండీ. కానీ గాలి తగ్గగానే పడవెక్కి, ఊరి ఒడ్డు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. దుంగ కోసం ఎవరేడుస్తారు? వారం తర్వాత పేపర్లో చూశాను. నోరు విప్పలేకపోయాను. నిద్ర కూడా పట్టలేదు. ఈ రోజు ఆ చోటు ఒక్కసారి చూసి, ఈ దీవిని కాసే రేంజర్లకి చెప్పేద్దామనే వచ్చాను. ఇంతలో..."

"ఇంతలో?"

"మిమ్మల్ని చూసి కాదండీ నేను పరిగెత్తింది."

ఆ క్షణాన బస్సు దగ్గర నల్లద్దాలు తీసింది బావమరిది.

"అబద్ధం," అన్నాడు గైడు. గొట్టం ఇంకా గట్టిగా నొక్కాడు. "అబద్ధం! ఆ రాత్రి వాడు ఊరి ఒడ్డున ఉన్నాడు. గ్యారేజీలో. బండి రిపేరు. వాడు దానికి మేనమామరా! దాన్ని భుజాల మీంచి దింపేవాడు కాదు!"

"నాకు తెలీదండీ ఆయనెవరో. ఒక్కటే గుర్తుంది. మొదట ఆ ఇళ్ళ ముందు నించి పోతుంటే హారన్ కొట్టాడు. రెండు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. దొంగతనంగా వచ్చి హారనేంటని అడిగాను. నవ్వాడు. చెయ్యి అలవాటు, ఈ గాలిలో మా మేనకోడలికి తప్ప ఇంకెవరికీ వినపడదులే అన్నాడు."

రెండు పొడుగు. ఒకటి పొట్టి.

పీ......ప్! పీ......ప్! పిప్!

రోజూ సాయంత్రం బస్సు ఇంటి ముందుకి రాగానే అదే హారన్. మామయ్యా అని అరుస్తూ, చెప్పుల్లేకుండా, బస్సు వెనక ఓడ దాకా పరిగెత్తేది పిచ్చుక. అక్కడ ఎక్కించుకుని, ఒక రౌండ్ తిప్పి దింపేవాడు.

ఎందుకు వెళ్ళింది? ఐదేళ్ళ ప్రశ్న.

పిలిచారు. వెళ్ళింది.

ఆ రోజు నించి బావమరిది హారన్ ముట్టుకోలేదు. మేకలు అడ్డమొచ్చినా కిటికీలోంచి అరిచేవాడే తప్ప, కొట్టేవాడు కాదు.

దుఃఖం అనుకున్నాడు గైడు!

"బావా..."

వెనక టార్చి వెలుతురు.

దిబ్బ మీద బావమరిది. రొప్పుతున్నాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో!

"బావా, బండి దిగబడింది. నీళ్ళు చక్రాల దాకా వచ్చేశాయి. జనం లోపలే ఉన్నారు. ఫోను కలవట్లేదు. ఆ గన్ ఇవ్వు బావా, రేంజర్లని పిలవాలి..."

గైడు లేచాడు. గన్ తిరిగింది.

ఎర్ర టోపీ నుదుటి మీంచి బావమరిది గుండెల మీదికి.

"హారన్ కొట్టావురా?"

ఒక్క మాట.

టార్చి కింద పడింది. బావమరిది చేతులు జోడించి మోకరిల్లాడు.

"అది నిద్రపోతుందనుకున్నా బావా... నిద్రపోతుంటుంది కదా అని... ఆ చీకట్లో వస్తుందనుకోలేదు. నా చేతుల్లోనే... మామయ్యా, లైట్లేవి అంది బావా. అంతే అంది."

గైడు గన్ దించలేదు.

"అప్పటికి బతికుందా?"

బావమరిది మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఒరేయ్! బతికుందా?"

"కాసేపు..."

"మా ఇల్లు కూతవేటు దూరంరా! తలుపు కొడితే ఏం పోయేది నీకు? ఎత్తుకునేవాణ్ణి కదరా! ఒక్కసారి... ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి కదరా!"

"భయమేసింది బావా..."

"దాని పాడె నువ్వే మోశావు కదరా. ముందు కొమ్ము పట్టావు కదరా!"

"కొట్టేయ్ బావా." చేతులు చాచాడు. "ఐదేళ్ళుగా నీ పక్కనే కూర్చుని నీ జోకులకి నవ్వుతున్నా. రోజూ చస్తున్నా. ఒక్కసారి చంపేయ్. అక్కకి మాత్రం చెప్పకు. నువ్వు తిన్నా తినకపోయినా, నేను తిన్నానా అని అడుగుతుంది బావా... దానికి చెప్పకు."

ఒక్కటే తూటా. ఇంకోటి లేదు.

కింద, బస్సు కిటికీల్లో ఫోన్ల వెలుగులు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఎవరో పిల్ల ఏడుస్తోంది. సన్నటి గొంతు.

పదేళ్ళుంటాయేమో!

గైడు వేలు బిగిసింది.

ఢాం!

ఎర్రటి నిప్పు చీల్చుకుంటూ ఎగిరింది...

పైకి!

ఆకాశం, ఇసుక, సముద్రం, అన్నీ ఒక్కసారి నెత్తురు రంగు. దూరంగా రేంజర్ల ఠాణాలో లైట్లు వెలిగాయి. ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు.

బావమరిది కళ్ళు తెరిచాడు.

"తప్పింది బావా..."

"తప్పు నీది. నా గురి తప్పలేదు." గైడు గొంతులో తడి లేదు. "రేంజర్లకి నువ్వే చెప్పు. మీ అక్కకీ నువ్వే చెప్పు. ఆ బరువు కూడా నన్ను మొయ్యమనకు."

బావమరిది తల వంచాడు.

"ఇప్పుడు వెళ్ళు. నిప్పు ఆరిపోతే ట్రాక్టరు వాళ్ళకి బండి కనపడదు. హారన్ కొట్టు."

"హారనా?... బావా, అది మాత్రం... నా వల్ల కాదు!"

"లోపల పిల్లలున్నారురా!"

బావమరిది లేచాడు. పడుతూ లేస్తూ దిబ్బ దిగాడు.

పైన ఎర్ర వెలుగు సన్నబడుతోంది. ఎర్ర టోపీ మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అంటున్నాడు. గైడుకి వినపడటం లేదు.

చీకటి మళ్ళీ కమ్మింది.

అప్పుడు...

పీ......ప్!

పీ......ప్!

పిప్!

చెయ్యి అలవాటు.

గైడు బస్సు వైపు చూడలేదు.

గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఇళ్ళ వైపు. చీకట్లోకి, కళ్ళు చిట్లించి.

ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని!