ఆరెకరాల గడ్డి సంబంధం

"ఇక్కడున్నవన్నీ ఏమయ్యాయి?"

గట్టు మీద నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అదే. ట్రాక్టర్ మెకానిక్ మొహం చేటంత చేసుకుని, నిన్న పొద్దున్నించీ కలుపు తీశానని చెప్పాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

ఒకప్పుడు ఈ నేలలో తనంతట తాను మొలిచిన గడ్డిని మళ్లీ రప్పించడం ఆమె ఉద్యోగం. మెకానిక్ వాళ్ల నాన్న తన ఆరెకరాల బీడుని రెండేళ్ల గడువు మీద ఆమెకి అప్పగించాడు. గడ్డి డాక్టరని పేరు కూడా పెట్టాడు. గడువులోగా తన కంటికి ఏదో ఒకటి ఆనకపోతే దున్నించి యూకలిప్టస్ వేసేస్తానని మొదటి రోజే తెగేసి చెప్పాడు. ఆ గడువు ఇవాళ్టితో సరి.

అందరికన్నా ఎక్కువ కంగారు పడింది మెకానిక్కే. బీడు పోతే ఆమె రాదు. ఆమె రాకపోతే వారానికి రెండుసార్లు తల నున్నగా దువ్వుకుని ఇంజన్ల కింద దూరాల్సిన ఖర్మేముంది? అందుకే ఎండుపుల్లల్లా ఉన్నవాటిని ఏరిపారేసి, నవనవలాడే పచ్చటి మొక్కల్ని జాగ్రత్తగా వదిలేశాడు.

ఆమె ఆ పచ్చటివాటిలో ఒకదాన్ని అలా లాగింది. సుళువుగా ఊడొచ్చింది.

"కలుపంటే ఇదండీ. మీరు తీసేసింది నా గడ్డి."

ఆమె తిట్టలేదు, అరవలేదు. గట్టు మీద కూలబడి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. తిట్టినా బావుండేదనిపించింది అతనికి. తప్పు తనదేనని నాన్నతో చెప్తానన్నాడు, ఇంకో ఏడాది అడుగుతానన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తనకీ తెలుసు.

పీకినవి చూపించమందామె. షెడ్డు వెనక కుప్పని అటూ ఇటూ తిరగేసి, ఒక్కదానికీ వేరు లేదేమని అడిగింది.

"ఎంత లాగినా రాలేదండీ," అన్నాడు తలవంచుకుని. "అరచేతులు బొబ్బలెక్కాయి. ఇక లాభం లేదని కొడవలితో కోసేశాను."

ఆమె అతని చేతులు పట్టుకుని చూసింది. బొబ్బలు చూసి నవ్వడం మర్యాద కాదు గానీ, పకపకా నవ్వేసింది. గునపం తెమ్మంది.

తుంపర మొదలైంది. ఇద్దరూ తడుస్తూనే ఒక దుబ్బు పక్కన గొయ్యి తీశారు. మోచేతి లోతుకి వెళ్లినా వేర్లు ఇంకా కిందికే పోతున్నాయి. ఈ గడ్డి మొదటి రెండేళ్లూ కిందే పెరుగుతుందనీ, కోస్తే ఇంకా గుబురుగా వస్తుందనీ ఆమె చెప్తూంటే, అతను వేర్లని కాకుండా ఆమె ముక్కు మీది మట్టిని చూస్తున్నాడు.

అప్పుడే నాన్న వచ్చాడు. అక్కడక్కడా కలుపు తప్ప బోడిగా ఉన్న పొలాన్ని చూసి, ట్రాక్టర్ తీయరా అన్నాడు.

"ఒక్కసారి ఈ దుబ్బు లాగండి బాబాయిగారూ," అంది ఆమె.

జన్మంతా కలుపు తీసినవాడు, ఆయనకిదో లెక్కా? ఒంటిచేత్తో లాగాడు. తర్వాత రెండు చేతులతో లాగాడు. కోసిన మొదలు చేతుల్లోంచి జారి, వెల్లకిలా బురదలో పడ్డాడు. కొడుకు పరిగెత్తుకొస్తే చెయ్యి విదిలించి, గొయ్యి అంచున కూర్చుని చాలాసేపు లోపలికి చూశాడు.

"దున్నను," అన్నాడు చివరికి. "ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉంచుకో అమ్మాయ్."

ఆమె కళ్లు తుడుచుకుంది. అసలెందుకు కలుపు తీయబోయారని మెకానిక్‌ని మెల్లగా అడిగింది.

"మీరు రావడం మానేస్తారని భయమేసిందండీ. మీరంటే నాకు ప్రాణం."

"ఆదివారం మా ఇంటికి రండి," అందామె. "మా అమ్మకి మీ గురించి చెప్పి ఆర్నెల్లయింది. అబ్బాయికి తెలుసా అని రోజూ అడుగుతోంది."

నాన్న గొయ్యిలోంచి తల ఎత్తకుండానే, ఆదివారం తనకీ ఖాళీయేనన్నాడు.